ఊరి చివరి గుడిసె, రేవులో ఓడ

అక్టోబరు వచ్చిందంటే అమెరికా తూర్పు తీరంలో చెట్లన్నీ ఎర్రబడతాయి. మనవాళ్ళు వ్యానులు మాట్లాడుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని, ఆ ఆకులు చూడటానికి ఉత్తరం వైపు బయల్దేరతారు. మేమూ ఆ నెలలోనే వెళ్ళాం. దారిలో ఆకులు కనిపించాయి కూడా. అయితే మేము వెళ్ళిన పని వేరు. వందల ఏళ్ళ కిందటి ఐరోపా పల్లెను అచ్చంగా కట్టి చూపించే ఒక తిరునాళ్ళ, సముద్రపు రేవులో నిలబెట్టిన ఒక పాత తెరచాప ఓడ, ఈ రెండూ చూసి రావాలని వెళ్ళాం. పిల్లలకు బళ్ళో ఆ కాలం గురించి పాఠం జరుగుతోంది. ఊళ్ళో ఎవరెవరు ఏ పని చేసేవారు, ఓడలో ఎవరి పని ఏమిటి అని ఇంటికొచ్చి అడుగుతున్నారు. ఒకసారి చూపిస్తే సరిపోతుంది కదా అని అనురాధ అంది. నాకూ బాగుందనిపించింది.

జెర్సీ సిటీ

మేము జెర్సీ సిటీలో ఒకే టవర్‌లో ఉండేవాళ్ళం. మాది పై అంతస్తు, అనురాధ వాళ్ళది కింద. నేను మన్‌హాటన్‌లో ఒక ఆఫీసులో టెస్టింగ్ పని చేస్తున్నాను. మా ఆయన ప్రభాకర్ ప్రాజెక్టు ఒహాయోలో, రెండు వారాలకోసారి ఇంటికి వస్తాడు. మా అమ్మాయి స్నేహ, అనురాధ కూతురు సహస్ర ఒకే క్లాసు. బడి వదలగానే స్నేహ నేరుగా అనురాధ ఇంటికి పోయేది. నేను రైలు దిగి వచ్చేసరికి ఇద్దరూ హోంవర్కు చేసుకుంటూ ఉండేవారు. ఆ ఏర్పాటు లేకపోతే నాకు ఉద్యోగం లేదు. ఆ మాట అనురాధకూ తెలుసు, నేనూ దాచుకోలేదు.

అనురాధది తెనాలి వైపు. ఎం.టెక్ చదివి అక్కడ లెక్చరర్‌గా చేసింది. పెళ్ళయి, భార్యలకిచ్చే హెచ్‌ఫోర్ వీసా మీద వచ్చాక పని చేయడానికి వీల్లేదు. "నా డిగ్రీ పప్పు డబ్బా మీద మూతకి కూడా పనికిరాలేదే" అని నవ్వుతూ అనేది. నవ్వు అయిపోయాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసేది. నాది నల్గొండ దగ్గర పల్లె. మా ఇద్దరి మాటలు కలిసి పిల్లలు తెనాలీ నల్గొండా కాని ఒక తెలుగు మాట్లాడేవారు.

అనురాధ భర్త మధు వ్యాన్ నడిపాడు. జీపీఎస్ మమ్మల్ని ఒక యాపిల్ తోటలోకి తీసుకెళ్ళి వదిలింది. తోటామె ఇంట్లోంచి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, దారి చెప్పి, ఊరికే పంపకుండా ఒక్కొక్కరి చేతిలో వేడి వేడి యాపిల్ డోనట్ పెట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మన ఊళ్ళో దారి తప్పినవాడికి మజ్జిగ ఇచ్చినట్టుంది అని మధు అన్నాడు. మధ్యాహ్నం రోడ్డు పక్క బల్ల మీద డబ్బాలు విప్పాం. నేను సకినాలు, కోడికూర తెచ్చాను. అనురాధ పులిహోర, గోంగూర తెచ్చింది. కోడికూర అన్నంలో కలిపి, ఒకే పళ్ళెంలోంచి ఇద్దరు పిల్లలకూ ముద్దలు పెట్టింది. "మీ అమ్మ చేతి కారం నాకు రాదే స్నేహా" అంటూ తానూ వేళ్ళు నాకింది.

పల్లె గేటు

తిరునాళ్ళ ఒక అడవి మధ్యలో ఉంది. మట్టి దారులు, గడ్డి కప్పిన ఇళ్ళు, గంట కొట్టే గుడి, మధ్యలో బావి. గేటు దగ్గర ముతక బట్టలు కట్టుకున్న ఒక లావుపాటి ఆయన సంచీ చాపి, లోపల చెయ్యి పెట్టి ఒక చెక్కముక్క తీసుకోమన్నాడు. ముక్క మీద ఏ వృత్తి బొమ్మ ఉంటే ఆ రోజుకి మనం ఆ వృత్తివాళ్ళం. మధుకి మునసబులాంటి పెత్తనం దొరికింది, జమీందారు పొలంలో ఎవరు పనికి వచ్చారో ఎవరు ఎగ్గొట్టారో చూసేవాడు. సహస్రకి నేతపని. స్నేహకి రొట్టెలు కాల్చే పని. నాకు గొర్రెల కాపరి. అనురాధకి ఇంట్లో బీరు కాచి అమ్మే ఆడమనిషి బొమ్మ వచ్చింది.

"చూశావా, మొత్తానికి ఈ దేశంలో నాకో ఉద్యోగం దొరికింది" అంది అనురాధ. గేటాయనకి అర్థం కాకపోయినా పెద్దగా నవ్వాడు.

లోపల తిరుగుతుంటే మన ఊరు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది! కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్నారు. పీపాలు బిగించేవాడు చెక్కపట్టీలను నిప్పు సెగకు వంచుతున్నాడు. పై కప్పుకి గడ్డి కట్టేవాళ్ళు, బాణాలు చెక్కేవాళ్ళు, మర ఆడించేవాడు. తన మరలో తప్ప ఇంకెక్కడా పిండి పట్టించకూడదని ఆ కాలంలో దొర హుకుం ఉండేదట. స్మిత్, మిల్లర్, కూపర్, టేలర్, ఈ ఇంటిపేర్లన్నీ ఆ పనుల నుంచే వచ్చాయని ఒక ఆవిడ పిల్లలకు చెప్పింది. మా ఆఫీసులో టానర్ అనే పెద్దమనిషి ఉన్నాడు. తోళ్ళు ఊనేవాడు, అంటే పచ్చితోలును పదును చేసేవాడు అని అర్థం. ఆయన గది తలుపు మీద ఆ పేరు ఇత్తడి అక్షరాలతో ఉంటుంది. అన్నాళ్ళూ ఆ పేరు చదివాను గానీ అర్థం తట్టలేదు.

తిండి విషయం చెప్పాలి. టర్కీ కోడి తొడ ఒకటి మోచెయ్యంత ఉంది, ధర చూస్తే ఇంటికి నాలుగు కోళ్ళు తెచ్చుకోవచ్చు. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. మధు సగం తిని, మిగతాది పట్టుకుని ఊరంతా తిరిగాడు, ఎక్కడ పడేయాలో తెలియక.

వాగు పక్కన

పల్లె చివర, ఇళ్ళన్నిటికీ దూరంగా, వాగు కిందివైపు ఒక గుడిసె ఉంది. అటు వెళ్ళేవాళ్ళు ముందే ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. అక్కడ తోళ్ళు ఊనుతున్నారు. డేల్ అనే ఒక పొడుగాటి మనిషి, తెల్లగడ్డం, చేతులు మోచేతుల దాకా గోధుమరంగు. వారంలో ట్రక్కు నడుపుతాడట, సెలవు రోజుల్లో ఇక్కడికి వస్తాడట. సున్నం నీళ్ళలో నానిన తోలును వాలుగా పెట్టిన దుంగ మీద పరిచి, రెండు పిడుల కత్తితో వెంట్రుకలు గీకుతున్నాడు. పక్కన తొట్లలో ఓక్ చెట్టు బెరడు నానుతోంది.

ఆ వాసన నాకు కొత్త కాదు. మా తాత తోళ్ళు నానేసే లంద దగ్గర ఇదే వాసన. నేను పుట్టేనాటికి తాత పని తగ్గిపోయింది గానీ పూర్తిగా ఆగలేదు. మోటలకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు వచ్చి ఆ బొక్కెనలు పోయాక చెప్పులు కుట్టేవాడు, డప్పులకు తోలు మూసేవాడు. మా నాన్న బడిపంతులు అయ్యాడు. మేము మాదిగవాళ్ళం. ఇది నేను స్నేహకి ఎప్పుడూ దాచలేదు. పడుకునేటప్పుడు తాత కథలు చెప్పేదాన్ని. ఊరి పొలాలన్నిటికీ నీళ్ళు పోసిన బొక్కెనలు మీ ముత్తాత కుట్టినవే అని చెప్పేదాన్ని.

డేల్ పిల్లలను పిలిచి కత్తి పట్టుకోనిచ్చాడు. సహస్ర ముక్కు మూసుకుని రెండుసార్లు గీకింది. స్నేహ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా తోసింది. తెల్లటి తోలు కింద నుంచి తేలగానే వెనక్కి తిరిగి అరిచింది.

"అమ్మా! ఇది ముత్తాత జాబ్ కదా! హీ మేడ్ ద బకెట్స్, రైట్? అనూ ఆంటీ, మై గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ డిడ్ దిస్! ఫర్ రియల్!"

డేల్ కత్తి పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. మీ దగ్గర ఏ బెరడు వాడతారు అన్నాడు. తంగేడు చెక్క అన్నాను, ఆ చెట్టుకు పసుపు పూలు పూస్తాయని, ఆ పూలతో మా ఊళ్ళో ఆడవాళ్ళు పండగ చేస్తారని చెప్పాను. అతను చెయ్యి నడుముకు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని నాకు చెయ్యిచ్చాడు. ఇన్నేళ్ళుగా ఈ పని చూపిస్తున్నా, దీన్ని ఇంట్లో చూసిన మనిషి తనకు తగలడం ఇదే మొదలు అన్నాడు. అంత సంతోషం నాకు ఆ దేశంలో ఎన్నిసార్లు కలిగిందో చెప్పలేను.

వెనక్కి తిరిగాను. అనురాధ సహస్ర చేతులు తడి టిష్యూలతో తుడుస్తోంది. ఒకటి అయిపోయాక ఇంకొకటి తీసింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు.

"ఇంక పోయిందిలే మమ్మీ" అంది సహస్ర.

"ఉండు" అంది అనురాధ. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది. "స్నేహ చెప్పింది నిజమా సుజాతా?"

"నిజమే. మా నాన్న వాళ్ళ నాన్న."

"ఓ" అంది. "ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

"ఎప్పుడూ అడగలేదు కదా" అన్నాను నవ్వుతూ. మధు ఆ టర్కీ తొడను చెత్తబుట్టలో పడేసి, "చీకటి పడేలోపు హోటల్ చేరాలి, పదండి" అన్నాడు.

దారి పక్క హోటల్

వంటగది ఉన్న సూట్ బుక్ చేశాం. పిల్లలూ మేమిద్దరం లోపలి గదిలో, మధు హాల్లో సోఫా మీద, అదీ అనుకున్నది. సామాను దించాక, ఎప్పటిలాగే నేను బియ్యం డబ్బా తీసి కుక్కర్ గిన్నెలో పోయబోయాను. అనురాధ వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వు అలిసిపోయావు, కూర్చో. నేను చూసుకుంటాలే."

"అలసట ఏం లేదు. నువ్వు కూరగాయలు కోయి, నేను..."

"కూర్చో సుజాతా." గొంతు మృదువుగానే ఉంది. గిన్నెను సింకులో పెట్టి, సబ్బు వేసి కడిగింది. ఇంకా బియ్యం కూడా పడని గిన్నె అది.

నేను వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. అలసటే అయి ఉంటుంది, నేనే అనవసరంగా ఏదో అనుకుంటున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తనకు తాను ఎన్ని సర్దిచెప్పుకోగలదో ఆ సాయంత్రం తెలిసింది. అన్నం వేళకు నాకూ స్నేహకూ కాగితం ప్లేట్లు వచ్చాయి. వాళ్ళు ముగ్గురూ ఇంటి నుంచి తెచ్చిన స్టీలు కంచాల్లో తిన్నారు. దారిలో ఆ కంచాల్లోనే మేమంతా తిన్నాం. నా కోడికూర ఇంకా సగం ఉంది. డబ్బా తెరిచి ముందు పెట్టాను.

"పొద్దున్నుంచి కడుపు బాలేదు" అంది అనురాధ.

"నాకు వెయ్యండి సుజాతగారూ" అన్నాడు మధు. అనురాధ అతని వైపు చూసింది. అతను చాచిన కంచాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, "అయినా రాత్రిపూట నాన్‌వెజ్ ఎందుకులే" అన్నాడు. ఆ పూటంతా అతను టీవీలో వాతావరణం చానెల్ చూశాడు.

పడుకునే ముందు ఏర్పాటు మారింది. సహస్రకి జలుబు చేసేలా ఉందని, వాళ్ళు ముగ్గురూ లోపలి గదిలో పడుకుంటామని, మాకు సోఫా విప్పి పరుస్తామని అనురాధ చెప్పింది. ఒకే దుప్పటి కింద పడుకుని గుసగుసలాడుకోవచ్చని పిల్లలిద్దరూ వారం నుంచి ఎదురుచూశారు. స్నేహ మొహం చిన్నబోయింది. "వై? షీ ఈజ్ నాట్ ఈవెన్ సిక్" అంది నాతో.

కారిడార్‌లోకి వెళ్ళి ప్రభాకర్‌కి ఫోన్ చేశాను. అతను అంతా విన్నాడు. మాది ఒకే వాడ, నేను సగం చెప్పగానే మిగతా సగం అతనికి తెలిసిపోయింది.

"అక్కడి నుంచి రైలేమన్న ఉంటదేమో చూడు. వచ్చెయ్" అన్నాడు.

"స్నేహకు ఏం చెప్పాలె?"

"నాకు తెల్వది" అన్నాడు.

రైలు దొరికే ఊరు కాదది. మేము వచ్చింది వాళ్ళ వ్యాన్‌లో. ఇంకో రెండు రాష్ట్రాలు దాటితే గాని ఇల్లు రాదు.

రేవు

మరునాడు పొద్దున సముద్రం దగ్గరికి చేరాం. నీళ్ళు మన విశాఖలోలా నీలంగా లేవు, ఇనుపరేకు రంగులో ఉన్నాయి. గాలికి మధు టోపీ ఎగిరి రేవులో పడింది. ఓడ మీద నిలబడి చూస్తుంటే అది తేలుతూ బాతుల మధ్యకి పోయింది. పిల్లలు నవ్వారు, ఆ పొద్దున అందరం కలిసి నవ్వింది అదొక్కటే.

ఓడ నేను ఊహించుకున్నదాని కన్నా చిన్నది. అంత చిన్న చెక్కపెట్టెలో ఏడాది పాటు ఎలా బతికారో! కరెన్ అనే గైడు, ఎండకు కమిలిన మొహం, ఖంగున మోగే గొంతు, మాకు ఒక్కొక్క పనీ చూపించింది. వడ్రంగి రోజూ ఓడ అడుగుకు దిగి ఎంత నీరు ఊరిందో కొలవాలి. తెరచాపలు కుట్టేవాడికి అరచేతికి తోలుపట్టీ, లావుపాటి సూది. వంటవాడు తరచూ కాలో చెయ్యో పోగొట్టుకున్న నావికుడే, స్తంభాలు ఎక్కలేడు కాబట్టి పొయ్యి దగ్గర పెట్టేవారు. అందరికన్నా కింద కొత్తగా చేరినవాళ్ళు, తారు పూయడం, డెక్కు కడగడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం వాళ్ళ వంతు. కానీ పని నేర్చుకుంటే పైకి పోవచ్చు అంది కరెన్. డెక్కు కడిగినవాడు కెప్టెన్ అయిన సందర్భాలున్నాయట.

ఈ రేవు ఓడలు మద్రాసు, కలకత్తా దాకా పోయేవని, అక్కడి నుంచి మన దేశపు నావికులను ఎక్కించుకునే ఓడలూ ఉండేవని కూడా చెప్పింది. వాళ్ళ మేస్త్రీని సరంగు అనేవారు. గోదావరి లాంచీల మీద ఇప్పటికీ ఆ మాటే. తెల్లవాళ్ళతో సమానంగా స్తంభాలెక్కినా వాళ్ళకు కూలి తక్కువ, బట్టలు తక్కువ. ఈ చలికి ఎంతమంది పోయారో ఎవరూ సరిగా రాసుకోలేదు అంది. నాకు మన గోదావరి వైపు కోరంగి రేవు తలపుకొచ్చింది. అక్కడ ఓడలు కట్టిన వడ్రంగుల పేర్లు ఎవరికి తెలుసు?

తర్వాత అందరినీ ఒక మోకు దగ్గర వరుసగా నిలబెట్టి లాగమంది. తెరచాప లేవాలంటే అందరూ ఒకే ఊపులో లాగాలి. నా ముందు అనురాధ ఉంది. ఒక కుటుంబం వాళ్ళు మధ్యలో దూరితే ఆవిడ వాళ్ళకు చోటిచ్చి, తాను వరుస చివరికి వెళ్ళిపోయింది. తెరచాప లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కింది గదిలో భోజనం ఆట పెట్టారు. ఆ కాలంలో నావికులు కొద్దిమంది చొప్పున జట్లుగా కూర్చుని, మధ్యలో ఒకే చెక్కతొట్టి పెట్టుకుని అందులోంచే తినేవారట. కరెన్ తొట్టిలో గట్టి రొట్టెముక్కలు వేసి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఒక చెక్క లోటాలో యాపిల్ రసం పోసి చేతులు మార్చమంది. స్నేహ తాగి సహస్రకి అందించింది. సహస్ర చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఐ కాంట్" అంది. "మమ్మీ సెడ్ నాట్ టు షేర్ విత్ యూ."

"వై?"

"ఐ డోంట్ నో. బికాజ్ ఆఫ్ యువర్ గ్రాండ్‌ఫాదర్ థింగ్, ఐ గెస్."

సహస్ర గొంతులో చెడు ఏమీ లేదు. వాన పడుతోంది కాబట్టి గొడుగు తెచ్చుకో అన్నట్టు చెప్పింది. స్నేహ లోటాను ఎటూ ఇవ్వలేక అలాగే పట్టుకుని నా కోసం చుట్టూ వెతికింది. పక్కనున్న ఒక ఎర్రజుట్టు పిల్ల ఆ లోటా అందుకుని గటగటా తాగేసింది. ఆట ముందుకు సాగింది.

చెక్కవంతెన మీద

పిల్లలిద్దరినీ మధు దగ్గర వదిలి అనురాధను రేవు వంతెన మీదికి పిలిచాను. రాను అనలేదు. ఇద్దరం కటకటాలు పట్టుకుని నిలబడ్డాం.

"సహస్ర ఏమన్నదో విన్నావా?" అన్నాను.

"విన్నాను. చిన్నపిల్ల, ఏదో అనేసింది."

"దానికి అది ఎట్ల తెలిసింది అనురాధా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాకు కోపం ఇంకా పెరిగింది.

"నాకేం పట్టింపు లేదు, ఒట్టు. మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు, ఆర్నెల్లుంటారు. మా ఆడపడుచు మనకి దగ్గర్లోనే, ఎడిసన్‌లో ఉంటుంది. అత్తగారు వచ్చిన మొదటి రోజే అందరి ఇంటిపేర్లూ, ఊర్లూ అడుగుతుంది. ఇన్నాళ్ళూ నా వంటగదిలో నువ్వు కలియతిరిగావని తెలిస్తే నా బతుకేమవుతుందో నీకేం తెలుసు? నాకు జీతం లేదు, ఎక్కడికి పోవడానికీ లేదు. ఆ ఇల్లే నాకు మిగిలింది."

"మీ అత్తగారు నిన్న హోటల్‌లో లేదు. గిన్నె కడిగింది నువ్వు."

సీగల్ పక్షి ఒకటి మా పక్కనే వాలి, తినడానికేమైనా ఉందా అని చూసి ఎగిరిపోయింది.

"ముందే చెప్పి ఉండాల్సింది నువ్వు" అంది చివరికి.

"చెప్తే ఏం చేసేదానివి?"

చాలాసేపు నీళ్ళ వైపు చూసింది. ఏమీ మారేది కాదని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. అందుకు ఆవిడను మెచ్చుకోవాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.

"స్నేహని మా ఇంటికి పంపకు సుజాతా. ఈ నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత వద్దు. అత్తగారు వచ్చాక కుదరదు" అంది.

"నెలాఖరు దాకా కూడా వద్దు" అన్నాను.

తిరుగుదారి

ఆ వ్యాన్‌లోనే తిరిగి వచ్చాం. వేరే దారి లేదు. పిల్లలు వెనక సీట్లో ఒక్కో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మధు రెండుసార్లు గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయి, రేడియో శబ్దం పెంచాడు. పెట్రోలు బంకు దగ్గర అనురాధ దిగి లోపలికి వెళ్ళినప్పుడు అద్దంలోంచి నా వైపు చూశాడు.

"సారీ అండీ" అన్నాడు చాలా మెల్లగా. "నాకైతే ఇవన్నీ..."

మిగతాది చెప్పేలోపు అనురాధ చిప్స్ ప్యాకెట్లు పట్టుకుని తలుపు తీసింది. అతను ముందుకు తిరిగాడు. ఆ వాక్యం నాకోసం అతను ఎప్పుడూ పూర్తి చేయలేదు.

టవర్ ముందు సామాను దించాం. నా కోడికూర డబ్బా అట్లాగే బరువుగా ఉంది. లిఫ్టులో వాళ్ళు ముందు దిగారు. సహస్ర చెయ్యి ఊపింది. స్నేహ కూడా ఊపింది. తలుపులు మూసుకున్నాయి.

ఆ వారం నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. తర్వాత బడి దగ్గరే సాయంత్రం దాకా ఉంచుకునే చోట స్నేహని చేర్చాను. అక్కడ ఎవరికీ తెలుగు రాదు. అక్కడే హోంవర్కు చేసుకుని, అక్కడే ఒంటరిగా బొమ్మలు గీసుకుని, నేను వెళ్ళేసరికి కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉండేది. ముత్తాత కథ చెప్పమని ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. చెప్పబోతే "ఐ యామ్ టైర్డ్ అమ్మా" అని అటు తిరిగి పడుకునేది. ప్రభాకర్ శనివారం వచ్చి దాన్ని పార్కుకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాలని చూశాడు. ఊయల మీద ఊగింది, అడిగినదానికి ఓకే అంది, ఐస్‌క్రీమ్ తిని వచ్చింది.

వాళ్ళ అత్తగారు వచ్చారని తెలిసింది. లాబీలో ఎదురుపడితే ఆవిడ నన్ను తేరిపార చూసేవారు. అనురాధ ఫోన్ చూసుకునేది.

చలికాలం ముగిశాక నా ఆఫీసులో చేరిన ఒక తెలుగావిడ వాళ్ళ పాప పుట్టినరోజుకు పిలిచింది. ఇల్లు నిండా జనం, గారెలు, బిర్యానీ, బెలూన్లు. స్నేహ మళ్ళీ పిల్లల్లో కలిస్తే చాలని వెళ్ళాను. కేకు కోయబోతుండగా సోఫాలో కూర్చున్న ఒక పెద్దావిడ స్నేహను దగ్గరికి తీసుకుని జడ సవరించింది.

"ఏ ఊరమ్మా మీది? తాతగారు వాళ్ళు ఏం చేసేవారు?"

నేను నాలుగడుగుల దూరంలో చేతిలో ప్లేటుతో ఆగిపోయాను. స్నేహ నా వైపు చూడలేదు. తడుముకోలేదు కూడా.

"ఫార్మర్స్, ఆంటీ. దే హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ లాండ్."

"మంచిది తల్లీ" అని ఆవిడ దాని బుగ్గ నిమిరి, తన ప్లేటులోని గారె తుంచి నోట్లో పెట్టింది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు రైలు దాదాపు ఖాళీగా ఉంది. స్నేహ నా భుజానికి ఆనుకుని కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఐ సెడ్ ఇట్ కరెక్ట్‌గా, రైట్ అమ్మా?"

నేను ఊఁ అన్నాను.